సగటు చాటున స్త్రీల గుండె

1988లో ‘లాన్సెట్’ పత్రికలో ఐసిస్-2 అధ్యయనం వెలువడింది. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రుల్లో చేరిన 17,187 మందిని పరిశీలించాక, ఆస్పిరిన్ ప్రాణాలు నిలబెడుతుందని తేలింది. అయితే రోగులను రాశులవారీగా విడదీస్తే, మిథున, తులా రాశులవారికి మాత్రం అది కాస్త కీడే చేసినట్టు కనిపించింది! (మన పంచాంగంలోని చంద్రరాశి కాదు, పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్యులు చెప్పుకునే రాశి.) ఫలితాలను ముక్కలు చేసేకొద్దీ ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా తేడా బయటపడుతుందని చూపడానికే పరిశోధకులు ఆ లెక్క వేశారు.

అలాగని విడదీసి చూడకపోతే అసలుకే మోసం.

గుండె బలహీనపడిన కొందరిలో విద్యుత్ సంకేతం ఎడమ జఠరికకు ఆలస్యంగా అందుతుంది (ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్). గోడలు ఒకదానితో ఒకటి కలవకుండా కొట్టుకుంటాయి. సీఆర్‌టీ అనే పేస్‌మేకర్ రెండు జఠరికలకూ వేళకు సంకేతాలిచ్చి లయ కలుపుతుంది. అది ఎవరికి అమర్చాలో తేల్చడంలో ఈసీజీలోని క్యూఆర్‌ఎస్ వెడల్పు, అంటే సంకేతం జఠరికలంతటా పాకడానికి పట్టే సమయం, కీలకం. చాలాకాలం 150 మిల్లీసెకన్లు లేదా అంతకు మించి ఉంటే గట్టి సిఫారసు, తక్కువైతే బలహీన సిఫారసు ఉండేది. ఈ గీత స్త్రీలకూ పురుషులకూ ఒక్కటిగానే ఉండేది.

సీఆర్‌టీని పరీక్షించిన మాడిట్-సీఆర్‌టీ, రాఫ్ట్, రివర్స్ ట్రయల్స్ నుంచి విశ్లేషణకు తీసుకున్న 4,076 మందిలో స్త్రీలు 22 శాతమే. విడివిడిగా చూస్తే ఏ ఒక్క ట్రయల్‌లోనూ వారి సంఖ్య గట్టిగా ఏదీ చెప్పడానికి చాలదు. అమెరికా ఎఫ్‌డీఏ పరిశోధకులు మూడింటి సమాచారాన్నీ రోగివారీగా కలిపి, 2014లో ఫలితం ప్రకటించారు. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉండి, క్యూఆర్‌ఎస్ 130–149 మిల్లీసెకన్ల మధ్య ఉన్న స్త్రీలలో సీఆర్‌టీ వల్ల గుండె వైఫల్యం లేదా మరణం ముప్పు 76 శాతం తగ్గింది. అదే కొలత ఉన్న పురుషులకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

ఇది రాశుల తేడా వంటిదే కాదా? కాదు. దీనికి శరీరంలోనే కారణం కనిపిస్తుంది. స్త్రీల గుండె సాధారణంగా చిన్నది, క్యూఆర్‌ఎస్ సహజంగానే సన్నం. కాబట్టి 140 మిల్లీసెకన్లంటే పురుషుడి కంటే స్త్రీకే ఎక్కువ ఆలస్యం. ఇంకో సంగతి. ఒక గుంపులో ప్రభావం కనిపించి మరోదాంట్లో కనిపించనంత మాత్రాన తేడా రుజువైనట్టు కాదు. ఆ రెండు ప్రభావాల మధ్య ఉన్న తేడానే నేరుగా పరీక్షించాలి. ఎన్నో అధ్యయనాలు తప్పటడుగు వేసేది ఇక్కడే.

2023లో అమెరికా, ఆసియా పసిఫిక్, లాటిన్ అమెరికా హృదయ లయ వైద్య సంఘాలు ఉమ్మడి మార్గదర్శకాలు తెచ్చాయి. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌తో గుండె వైఫల్యం ఉన్న స్త్రీలకు, క్యూఆర్‌ఎస్ 120–149 ఉన్నా సీఆర్‌టీ గట్టి సిఫారసుల్లోకి చేరింది.