టాన్సిల్స్... తీయించాలా? ఉంచాలా?

అర్ధరాత్రి పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. గుటక పడటం లేదు. మొన్ననే కదా మందులు వాడింది! తెల్లారగానే డాక్టరు దగ్గరికి పరుగు. 'మళ్లీ టాన్సిల్సే' అంటారాయన. ఇంటికొచ్చాక బాబాయి 'తీయించేయండి, పీడా పోతుంది' అంటాడు. నాయనమ్మేమో 'కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, తొందరపడకండి' అంటుంది. అమ్మానాన్నలకు ఎటూ పాలుపోదు.

ఈ సందేహం వాళ్లొక్కరిదే కాదు. డాక్టర్లు కూడా దశాబ్దాలపాటు దీనిమీద తర్జనభర్జన పడ్డారు.

గొంతు దగ్గర కాపలా

నోరు బాగా తెరిస్తే లోపల వేలాడుతూ కనిపించేది కొండనాలుక. దానికి అటూ ఇటూ ఉండే ముద్దలే టాన్సిల్స్. నోటి ద్వారా వచ్చే సూక్ష్మక్రిములను పసిగట్టి, వాటిపై పోరాటానికి శరీరాన్ని సిద్ధం చేయడం వీటి పని. చిన్నతనంలో పెద్దగా ఉండి, ఎదిగేకొద్దీ చిన్నవవుతాయి. కాబట్టి పెద్దగా కనిపించినంత మాత్రాన జబ్బు కాదు.

వేలితో మొదలై...

టాన్సిల్ చుట్టూ వేలితో వదులుచేసి ఊడదీయాలనీ, రాకపోతే కొక్కెంతో పట్టి కత్తితో కోయాలనీ రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండువేల ఏళ్ల కిందటే రాశాడు. 1828లో ఫిలడెల్ఫియా సర్జన్ ఫిలిప్ సింగ్ ఫిజిక్ ఓ పరికరం తయారుచేశాడు. ఉంగరంలాంటి చట్రంలో టాన్సిల్‌ను ఇరికించి బ్లేడు తోస్తే చాలు, తెగిపోయేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎన్నో రోగాలకు మూలం టాన్సిల్సేనన్న నమ్మకం ప్రబలింది. ఇక చూడండి, పిల్లలకు వరసపెట్టి ఆపరేషన్లే!

ఆ వేలంవెర్రి ఎంతదాకా వెళ్లిందో 1934లో న్యూయార్క్‌లో జరిగిన పరిశీలన తేల్చింది. 11 ఏళ్ల పిల్లలు 1000 మందిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ లేవు. మిగతా 389 మందిని డాక్టర్లు చూసి 174 మందికి ఆపరేషన్ చేయాలన్నారు. 'అక్కర్లేదు' అన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపిస్తే, వాళ్లు 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మళ్లీ చూపిస్తే ఇంకో 51 మందికి! చివరికి మిగిలింది 65 మందే. గొంతులు అవే, మారింది చూసే కళ్లు.

ఇప్పుడో లెక్కుంది

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ జాక్ పారడైజ్ బృందం 1984లో దీనికో కొలత చూపింది. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు తీవ్రంగా గొంతునొప్పి వస్తేనే ఆపరేషన్ ఆలోచన. అదీ ప్రతిసారీ జ్వరం, చీము, మెడ దగ్గర గడ్డల వాపు లాంటి గుర్తులుండి, డాక్టరు నమోదు చేసినవైతేనే. అంతకన్నా తక్కువైతే కొంతకాలం వేచి చూడటమే మేలు. చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది.

గురక సంగతి వేరు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా? 2013లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అలాంటి పిల్లలకు టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీస్తే 79 శాతం మందికి నిద్రలో శ్వాస సర్దుకుంది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవారిలోనూ 46 శాతం మందికి సర్దుకోవడం విశేషం.

కత్తా? కరెంటా?

కత్తి, కత్తెరలతో విడదీసి తీయడం పాత పద్ధతి. విద్యుత్తు వేడితో కోస్తూనే రక్తనాళాలను మూసేయడం కొత్తది. వినడానికి రెండోదే బాగుంది కదా! కానీ 2003-04లో బ్రిటన్‌లో 33 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలిస్తే, వేడి పద్ధతుల్లో తర్వాత రక్తస్రావం ఎక్కువని తేలింది. పైపొర ఉంచి లోపలి భాగాన్నే తొలిచేసే పద్ధతీ ఉంది. నొప్పి తక్కువే, కొందరిలో మళ్లీ పెరగొచ్చు. ఏ పద్ధతైనా సర్జన్ చేయి తిరిగినతనం ముఖ్యం.

ఇంటికొచ్చాక

* గొంతులో తెల్లటి పొర కనిపిస్తే కంగారొద్దు, పుండు మానే క్రమంలో అది మామూలే.
* నీళ్లు తరచూ తాగించాలి. చల్లటి, మెత్తటి పదార్థాలు పెట్టొచ్చు.
* మొదటి రోజే కాదు, ఐదు నుంచి పది రోజుల మధ్య కూడా రక్తస్రావం కావచ్చు. ఎర్రటి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
* నొప్పికి కోడీన్ ఉన్న మందులు పిల్లలకు వద్దని అమెరికా ఔషధ సంస్థ 2013లో హెచ్చరించింది.

ఆపరేషన్ వద్దనుకున్నా మందుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో వచ్చే గొంతునొప్పిని నిర్లక్ష్యం చేస్తే కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం మన దేశంలో ఇంకా ఉంది. జ్వరం తగ్గిందని యాంటీబయాటిక్స్ మధ్యలో ఆపేయకూడదు. గొంతునొప్పి వచ్చిన తేదీ, జ్వరం ఎంత, ఏ మందు వాడారు... ఇవన్నీ ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. తీయాలా ఉంచాలా అని డాక్టరు తేల్చేందుకు ఆ పుస్తకం ఎంతో సాయపడుతుంది.