రేకుల గదికి ఎన్ని టన్నుల ఏసీ?

ఏసీ దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘గది ఎంత?’ అనే. ఇరవై బై ఎనిమిది అంటే నూట అరవై చదరపు అడుగులు, ఒకటిన్నర టన్ను చాలు అని అక్కడికక్కడే జవాబు వస్తుంది. ఇటుక గోడల ఇంట్లో, పైన మరో అంతస్తు ఉన్న గదికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. నిర్మాణ స్థలంలో ఆఫీసుగా పెట్టుకున్న పోర్టా క్యాబిన్‌కో, పొలంలో దింపిన కంటైనర్ ఇంటికో అదే లెక్క వేస్తే తేడా కొడుతుంది. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రిమోట్ మీద 18 అని కనిపిస్తుంటుంది, గదిలో ఉన్నవాళ్లకు మాత్రం చెమట ఆరదు. మెకానిక్‌ను పిలిస్తే గ్యాస్ తగ్గిందేమో చూస్తానంటాడు. చాలాసార్లు గ్యాస్ సరిగ్గానే ఉంటుంది. తేడా అంతా గదిని కొలిచిన తీరులో ఉంటుంది.

అమెరికాలో ఇలాంటి కదిలే ఇళ్లను మొబైల్ హోమ్ అంటారు. మన దగ్గర అవి పోర్టా క్యాబిన్లు, కంటైనర్ ఇళ్లు, సెక్యూరిటీ గదులు. పేరు ఏదైనా భౌతికశాస్త్రం ఒకటే: పలుచని గోడలు, పలుచని కప్పు, ఆరు వైపులా బయటి గాలి.

ముందుగా టన్ను సంగతి చూద్దాం. ఏసీ మీద రాసే టన్నుకూ దాని బరువుకూ సంబంధం లేదు. మంచు గడ్డలతోనే చల్లదనాన్ని తెచ్చుకున్న రోజుల నాటి కొలత ఇది. 19వ శతాబ్దంలో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడల్లో మంచు గడ్డలు కలకత్తా, మద్రాసులకు వచ్చేవి. చెన్నై మెరీనా ఎదురుగా ఉన్న ‘ఐస్ హౌస్’ ఆ మంచును దాచడానికి కట్టిందే. ఒక అమెరికన్ టన్ను, అంటే దాదాపు 907 కిలోల మంచు, 24 గంటల్లో పూర్తిగా కరిగితే చుట్టుపక్కల నుంచి ఎంత వేడిని పీల్చుకుంటుందో అదే ఒక టన్ను చల్లదనం. ఇప్పటి కొలతలో అది సుమారు 3.5 కిలోవాట్లు. కాబట్టి ఒకటిన్నర టన్ను ఏసీ గంటల తరబడి 5.2 కిలోవాట్ల చొప్పున వేడిని గదిలోంచి తోడి బయట పోయగలదు. అసలు అడగాల్సింది ఒక్కటే: గదిలోకి ఎన్ని కిలోవాట్ల వేడి వస్తోంది?

ఇరవై అడుగుల ప్రామాణిక కంటైనర్‌నే తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, వెడల్పు 2.4, ఎత్తు 2.6. కప్పు వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు. నాలుగు గోడలూ కలిపితే 44. బయట 42 డిగ్రీలు, లోపల 26 ఉండాలి అనుకుందాం.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక్కో చదరపు మీటరు కప్పు మీద దాదాపు 900 నుంచి 1,000 వాట్ల శక్తి పడుతుంది. ముదురు రంగు రేకు అందులో ముప్పాతిక వంతు పీల్చుకుంటుంది. దాంతో రేకు ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటిపోతుంది. ఉక్కు రేకు మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది, పైగా ఉక్కు మంచి ఉష్ణవాహకం. అందువల్ల బయటి వేడి లోపలికి రావడానికి పెద్ద అడ్డేమీ ఉండదు. లెక్క వేస్తే ఉత్త కప్పు నుంచే 3 కిలోవాట్లకు పైగా వేడి దిగుతుంది. అంటే ఒక టన్ను ఏసీ శక్తి మొత్తం కప్పుకే ఖర్చవుతుంది. గోడల నుంచి మరో 4 నుంచి 5 కిలోవాట్లు వస్తాయి. పడమటి గోడ వాటా ఎక్కువ. లోపల నలుగురు మనుషులు (కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి కూడా వంద వాట్లకు పైగా వేడి వస్తుంది), కంప్యూటర్లు, లైట్లు, కిటికీ అద్దం, తలుపు తీసినప్పుడల్లా చొరబడే గాలి, కింద ప్లైవుడ్ నేల, ఇవన్నీ కలిపి ఇంకో 2 కిలోవాట్లు. మొత్తం 9 నుంచి 10 కిలోవాట్లు. దుకాణంవాళ్లు ఒకటిన్నర టన్ను చెప్పిన గదికి నిజంగా కావలసింది మూడు టన్నులకు దగ్గరన్నమాట.

అలాగని మూడు టన్నులు పెట్టేస్తే సుఖంగా ఉంటుందా? గాలి చల్లబడుతుంది, కానీ తల మీద కప్పు లోపలివైపు ఇంకా పెనంలా కాలుతూనే ఉంటుంది. మన ఒంటికి వెచ్చదనం తెలిసేది గాలి వల్ల మాత్రమే కాదు, చుట్టూ ఉన్న గోడలూ కప్పూ వెదజల్లే పరారుణ కిరణాల వల్ల కూడా. థర్మామీటర్ 26 చూపిస్తున్నా మాడు వేడెక్కుతుంటుంది. అప్పుడు రిమోట్ తీసుకుని ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గిస్తారు. కాళ్లకు చలి, తలకు వేడి, మీటరుకు పరుగు.

ఇప్పుడు అదే గదికి గోడల్లోనూ కప్పులోనూ 50 మిల్లీమీటర్ల పఫ్ నింపిన ప్యానెళ్లు బిగించారనుకుందాం. పఫ్ అంటే పాలీయురెథేన్ నురగ. ఇంట్లో ఫ్రిజ్ గోడల మధ్య ఉండేది ఇలాంటిదే. ఇప్పుడు కప్పు నుంచి వచ్చేది 300 వాట్లు, గోడల నుంచి 400 వాట్లు. ఉక్కు చట్రం, స్క్రూల గుండా జారే వేడి కలుపుకున్నా ఎనిమిది కిలోవాట్ల చోట ఒక కిలోవాటు కూడా దాటదు. మనుషులు, కంప్యూటర్లు, కిటికీ, నేల తాలూకు 2 కిలోవాట్లు ఎలాగూ ఉంటాయి. మొత్తం మూడు కిలోవాట్ల లోపే. ఒక టన్ను ఏసీ సరిపోతుంది. అదే స్థలం, అదే వైశాల్యం, ఒకచోట మూడు టన్నులు, ఇంకోచోట ఒకటి. చదరపు అడుగుల లెక్క చెప్పిన ఒకటిన్నర ఈ రెండింటికీ తప్పే.

పఫ్ ఒక్కటే మార్గం కాదు. థర్మోకోల్ చవక, కానీ అదే వేడిని ఆపాలంటే ఇంకా మందంగా ఉండాలి. ఈ రెండూ నిప్పు అంటుకుంటే విషపు పొగ వదులుతాయి. లోపల వంట చేసుకునే, వైర్లు వేలాడే క్యాబిన్లకు మండని రాక్‌వూల్ మేలు, కాస్త మందం ఎక్కువైనా సరే. ఏదీ చేతకాని చోట కప్పుకు తెల్లటి ప్రతిఫలన రంగు వేసినా కప్పు నుంచి దిగే వేడి సగానికి దగ్గరగా తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనుక ఉన్న సూత్రం ఇదే. దుమ్ము పేరుకుంటే ఆ లాభం కరిగిపోతుంది కాబట్టి కప్పును అప్పుడప్పుడు కడగాలి. కప్పుకు అడుగు ఎత్తున షేడ్ నెట్ కట్టినా ఉపయోగమే. రేకుల మీద తాటాకులు పరిచే మన ఊళ్ల అలవాటుదీ ఇదే తర్కం. క్యాబిన్‌ను క్రేన్‌తో దింపే రోజున పైసా ఖర్చు లేని పని ఇంకొకటుంది: పొడవు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు చూసేలా పెట్టించడం. అప్పుడు సాయంత్రపు ఎండ 16 చదరపు మీటర్ల గోడ మీద కాకుండా 6 చదరపు మీటర్ల గోడ మీద పడుతుంది.

ఎందుకైనా మంచిదని పెద్ద ఏసీ కొనడం రెండో తప్పు. పఫ్ వేసిన గదికి రెండు టన్నుల మామూలు ఏసీ పెడితే కొద్ది నిమిషాల్లోనే గాలిని చల్లబరిచి కంప్రెసర్ ఆగిపోతుంది. గాలిలోని తేమ చల్లని కాయిల్ మీద నీరుగా మారి బయటికి కారిపోవాలంటే కంప్రెసర్ ఏకధాటిగా కొంతసేపు నడవాలి. అది ఆగితే కాయిల్ మీది తడి ఫ్యాన్ గాలికి మళ్లీ గదిలోకే వస్తుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఇలాంటి గదిలో చల్లగా ఉన్నా ఒళ్లంతా జిడ్డుగా ఉంటుంది. కొన్నాళ్లకు ప్లైవుడ్ మీద బూజు కూడా పడుతుంది. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకోగలదు కాబట్టి కొంత నయం, కానీ దానికీ ఒక కనిష్ఠ హద్దు ఉంటుంది. జనరేటర్ మీద నడిచే సైట్లలో ఇంకో చిక్కు: మామూలు కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఏసీ మీద రాసిన సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షించి తేల్చినది. 43, 44 డిగ్రీల ఎండలో అది తగ్గుతుంది. అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి గోడకు, కాలే రేకుకు ఆనించి పెడితే ఇంకా తగ్గుతుంది. ఉత్తరపు గోడ నీడలో, వెనుక ఖాళీ వదిలి పెట్టాలి.

గదిని ఎప్పుడు వాడతారన్నదీ చూడాలి. కాంక్రీటు స్లాబు పగటి వేడిని దాచుకుని రాత్రికి వదులుతుంది. రేకు దేన్నీ దాచుకోదు. పొద్దు గుంకిన గంటకల్లా చల్లబడుతుంది. రాత్రి బయట 30 డిగ్రీలు ఉంటే, పగలు పది కిలోవాట్లు కోరిన ఆ ఉత్త కంటైనర్‌కే కావలసింది రెండు కిలోవాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. రాత్రిపూట నిద్రకే వాడే వాచ్‌మన్ గదికి ఒక టన్ను ఏసీ చాలు. పగలు అందులో ఎవరూ ఉండకూడదు, అంతే.

కొనేముందు చేయగల పరీక్ష ఒకటుంది. ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం మూడింటికి, ఏసీ లేకుండా, కప్పు లోపలివైపు ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడాలి. కొవిడ్ రోజుల్లో నుదుటి మీద పెట్టినది పనికిరాదు, అది ఒంటి వేడి పరిధిలోనే చూపిస్తుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే రకం కావాలి. కప్పు బయటి గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఏసీ డబ్బులో కొంత ముందుగా ఆ కప్పు మీద పెట్టి, మళ్లీ కొలిచి, ఆ తర్వాత టన్నుల లెక్క వేసుకోవచ్చు.