ఓడ ఎక్కే ముందు మూడు రోజులు

యూరప్ క్రూజ్‌కు వెళ్లొచ్చిన తెలుగు దంపతుల మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు అడిగారు. గురువారం సాయంత్రానికల్లా కాపీ ఇవ్వాలి. బాల్కనీ గదులు, నీలి సముద్రం, శాంటొరిని తెల్లటి గోడలు... ఫొటోలు దండిగా దొరుకుతాయి కనుక పేజీలకు ఇబ్బంది ఉండదన్నది ఆయన ధీమా. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక జంటను కలిశాను. ఆయన బ్యాంకు మేనేజరుగా, ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరయ్యారు. మేనేజరుగారు ఫోన్లో ఓడ ఫొటోలు ఒక్కొక్కటే చూపించారు. అవి అయ్యాక టీచరుగారు లోపలికి వెళ్లి, అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఈ కథనం చాలావరకు ఆ పుస్తకంలోంచి వచ్చిందే.

ఓడలో గడిపిన రోజులకు అందులో నాలుగైదు పేజీలు ఉన్నాయి, అంతే. ఎక్కకముందు రోజులకు ముప్పై పేజీలకు పైనే ఉన్నాయి. ఎందుకలా అని అడిగితే ఆవిడ, “ఓడెక్కాక రాసుకునే అవసరం ఏముందండీ, అన్నీ వాళ్లే చూసుకుంటారు” అన్నారు. నాకు క్రూజ్ ఓడల మీద మొదటినుంచీ పెద్ద మోజు లేదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు తినాలో మరొకరు తేల్చిపెట్టాక యాత్రికుడికి మిగిలే పని చూడటమే. ఈ నోట్‌బుక్ చదివాక ఆ అభిప్రాయం మారలేదు సరికదా గట్టిపడింది. కాకపోతే, ఓడ అనే గురి లేకపోతే ఆ మూడు రోజులు ఈ జంటకు దక్కేవి కావని కూడా ఒప్పుకోవాలి.

మొదటి పేజీలో పెన్సిల్‌తో గీసిన పటం ఉంది. రోమ్ నగరానికి రేవైన చివితావెక్కియాలో బయల్దేరి శాంటొరిని, కుషాదాసి, మికొనోస్, పిరేయస్, నేపుల్స్ చూసుకుని మళ్లీ చివితావెక్కియా చేరే దారి అది. ఇటలీలో ఎక్కి ఇటలీలోనే దిగుతున్నాం కదా అని మేనేజరుగారు చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా ఫారంలో సింగిల్ ఎంట్రీకి, అంటే ఒక్కసారి ప్రవేశానికి, టిక్కు పెట్టేశారు. టీచరుగారు మాత్రం పాఠం చెప్పిన అలవాటు కొద్దీ ఒక్కో రేవు కింద దేశం పేరు రాసుకుంటూ వెళ్లారు. కుషాదాసి దగ్గర పెన్సిలు ఆగింది. అది తుర్కియే, షెంజెన్‌లో లేదు. ఓడ అక్కడికి వెళ్లిందంటే షెంజెన్ దాటినట్టే లెక్క. మర్నాడు గ్రీసులో అడుగుపెడితే అది రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా రోమ్ విమానాశ్రయంలోనే వాడేసినట్టవుతుంది.

ఆ రాత్రే ఫారం మార్చారు. అంతటితో ఆగకుండా ఆవిడ నాలుగు గళ్ల పట్టిక గీశారు: తేదీ, ఊరు, దేశం, లోపలా బయటా. దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలన్నదీ ఆ పట్టికే తేల్చింది. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటే ఆ దేశానికి పెట్టుకోవాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. రోమ్‌లో ముందుగా మూడు రాత్రులు ఉంటున్నారు కనుక లెక్క ఇటలీ వైపు మొగ్గింది. ఆ పట్టికకు శుభ్రమైన ప్రతి రాసి దరఖాస్తుతో జత చేశారు. పక్కనే ఎర్ర సిరాతో: మనిషికి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా గడువు. తుర్కియేలో దిగే సంగతి క్రూజ్ కంపెనీని విడిగా అడగాలని ఒక గుర్తు.

ఈ పేజీని నేను ఫొటో తీసుకున్నాను. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వెళ్లే ఓడలకు కూడా ఇదే చిక్కు ఉండేది. క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరాక అది పోయింది. మోంటెనెగ్రోలోని కోటార్ ఇప్పటికీ బయటే. దారిలో ఒక్క రేవు మారితే వీసా మారిపోతుంది. ఓడ బొమ్మలున్న రంగుల బ్రోచర్లలో ఈ మాట పెద్దక్షరాల్లో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

తర్వాతి వాదన ఎన్ని రోజులు ముందు వెళ్లాలన్నది. ఒక్కరోజు చాలన్నారు ఆయన, హోటల్ ఖర్చు కలిసొస్తుందని. ఆవిడ మూడు రోజులు పట్టుబట్టారు. కారణాలు నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానంలో పెట్టె తప్పిపోతే, వెతికి తెచ్చిచ్చేందుకు వ్యవధి ఉండాలి. ఓడ కదిలాక దొరికిన పెట్టె ఏ రేవులో అందుతుందో చెప్పలేం. మూడో కారణం ఆయన మోకాలు.

రోమ్ పేజీలు లెక్కలతో మొదలవుతాయి. ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీ స్టేషన్‌కు లియొనార్డో ఎక్స్‌ప్రెస్, మనిషికి 14 యూరోలు, 32 నిమిషాలు. హోటల్లో దిగగానే గది అద్దె కాక నగర పన్ను విడిగా కట్టమన్నారు, తలకు, రాత్రికి ఇంతని. పాంథియన్ గుడి లోపలికి 5 యూరోలు. 2023 జులై దాకా ఉచితంగానే చూసేవారు. రోడ్ల మీద పరిచిన నల్లరాళ్ల మధ్య పెట్టె చక్రాలు ఇరుక్కుని ఒకటి ఊడొచ్చింది. మేనేజరుగారు ఆ పెట్టెను వీధి చివరిదాకా చేత్తో మోసుకెళ్లారు. “అప్పుడు అర్థమైందండీ, రెండు పెట్టెల్లో ఒకటి దండగ అని” అన్నారాయన నవ్వుతూ.

ఆ తర్వాత నీళ్లు. రోమ్ వీధుల్లో నడుమెత్తు పోత ఇనుప కుళాయిలుంటాయి. నసోనె అంటారు. 1870ల నుంచి ఉన్నాయి, నగరమంతా రెండు వేలకు పైగా. రాత్రీ పగలూ నీళ్లు పారుతూనే ఉంటాయి, తిప్పడానికి మర ఉండదు. గ్లాసు లేని ఆవిడ ఎలా తాగాలా అని చూస్తుంటే, కూరగాయల సంచీతో వచ్చిన ఒక ముసలాయన గొట్టం మూతిని వేలితో మూసి చూపించారట. గొట్టం పైన ఒక చిల్లు ఉంది. మూతి మూస్తే నీళ్లు ఆ చిల్లులోంచి పైకి చిమ్ముతాయి, వంగి తాగడమే. నోట్‌బుక్‌లో ఆ కుళాయి బొమ్మ ఉంది, వేలు ఎక్కడ పెట్టాలో బాణం గుర్తుతో సహా. రోమ్‌లో చూసినవాటిలో ఆవిడ బొమ్మ గీసింది దీనికొక్కదానికే.

ఇక ఆవకాయ. ఇంట్లో చేసిన తినుబండారాలను చాలా క్రూజ్ కంపెనీలు ఓడలోకి రానివ్వవు. మూత సీలు తీయని కొన్న ప్యాకెట్లయితే కొంత నయం. నెయ్యి అసలు కుదరదు, బయటి దేశాల పాల సరుకునూ మాంసాన్నీ ప్రయాణికుల పెట్టెల్లో యూరోపియన్ యూనియన్ అనుమతించదు. నెయ్యి ఇంట్లోనే ఉండిపోయింది, ఆవకాయ బయల్దేరింది. చిన్న సీసాడు, మూడు కవర్ల లోపల. ఓడ ఎక్కేలోగా ఖాళీ చెయ్యాలి.

బియ్యం లేవు, పొయ్యి లేదు. టెర్మినీ వెనక వీధిలో ఒక బేకరీలో పిజ్జా బియాంకా అమ్ముతారు. టమాటా, చీజ్ ఏమీ లేని వట్టి రొట్టె, పైన ఆలివ్ నూనె, ఉప్పుకళ్లు. తూకం లెక్కన అమ్మకం. ఎంత కావాలో మనం చేత్తో చూపిస్తే అక్కడికి కత్తి ఆనించి, ఔనా అన్నట్టు చూసి కోసిస్తారు. ఆ వేడి రొట్టె తుంచి ఆవకాయ ఊటలో అద్దుకుని, హోటల్ గదిలో మంచం మీద న్యూస్ పేపరు పరుచుకుని తిన్నారు. రెండోపూటకు సూపర్‌మార్కెట్లో పెరుగు డబ్బా కొన్నారు. మూడోరోజు సీసా గోడలకు అంటిన పిండిని కూడా రొట్టెముక్కతో తుడిచేశారు. “అన్నంలో కన్నా బాగుందని చెప్పను గానీ, తీసిపారెయ్యదగ్గది కాదు” అని ఆవిడ తీర్పు. ఇద్దరూ శాకాహారులు. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారని తెలిశాక చీజ్ పేరు కొట్టేసి, కింద ‘మరినారా’ అని రాసుకున్నారు. టమాటా, వెల్లుల్లి, ఆరెగానో మాత్రమే వేసే పిజ్జా అది.

నన్ను కట్టిపడేసింది ఈ పేజీల్లో ఇద్దరి చేతిరాతా ఉండటం. వీసా లెక్కలన్నీ ఆవిడవి. రోమ్ రెండోరోజు నుంచి మధ్య మధ్యలో ఆయన అక్షరాలు కనిపిస్తాయి: మెట్రో ఏ లైను, ఏ వైపు గేటు, తిరిగొచ్చేటప్పుడు ఏ చర్చి గుర్తు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయనకు బదిలీలు, ఆవిడకు బడి. ఏ వీధిలోకి తిరగాలో ఇద్దరూ నిలబడి మాట్లాడుకుని తేల్చుకున్న రోజులు అంతకుముందు పెద్దగా లేవట. మెట్రోలో ఒకరినొకరు తప్పిపోతే టికెట్ మెషీన్ దగ్గరే నిలబడాలి, వెతుక్కుంటూ తిరగకూడదు అనే ఒప్పందం కూడా అక్కడే రాసి ఉంది, కింద ఇద్దరి సంతకాలతో.

క్రూజ్ యాత్రల చరిత్ర నాలుగు ముక్కల్లో. 1844లో పీ అండ్ ఓ కంపెనీ సౌతాంప్టన్ నుంచి మధ్యధరా సముద్రానికి విహారయాత్రలు ప్రకటించింది. రచయిత థాకరే అందులో వెళ్లి పుస్తకం రాశారు. 1867లో మార్క్ ట్వేన్ క్వేకర్ సిటీ ఓడలో వెళ్లారు. చలికాలంలో ఖాళీగా ఉండే ఓడను హాంబర్గ్‌కు చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891లో మధ్యధరాకు పంపారు. విహారానికే కట్టిన ఓడ 1900లో వచ్చింది. చివితావెక్కియా రేవు మాత్రం క్రీస్తుశకం రెండో శతాబ్దపు ఆరంభంలో ట్రాజన్ చక్రవర్తి కట్టించినది. మనవైపు 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామి మజిలీ మజిలీకీ వసతి, నీళ్లు, సరుకుల సంగతి రాసిపెట్టారు. టీచరుగారి నోట్‌బుక్ ఆ వరసలోది.

ఏడు పొట్టి, ఒకటి పొడుగు

ఓడలో ఆవిడ శ్రద్ధగా రాసుకున్న ఒకే ఒక్క విషయం ప్రమాద సూచన: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. బడి గంట లాగే విన్నవెంటనే కాళ్లు కదలాలి అని పక్కన రాశారు. ఈ సూచనకూ వీళ్లు ఓడెక్కిన రేవుకూ సంబంధం ఉంది. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ చివితావెక్కియా నుంచే బయల్దేరి, ఆ రాత్రి జీలియో దీవి దగ్గర రాతిని ఢీకొని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది ప్రయాణికులకు, ప్రమాద సూచన వినగానే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్ అప్పటికింకా జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోగా జరిపితే చాలన్నది నాటి నిబంధన. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలి. ఫొటోల హడావిడిలో దీన్ని ఎగ్గొట్టే ఆలోచన ఎవరూ చెయ్యవద్దు.

మిగిలిన ముక్కలు

శాంటొరిని, మికొనోస్‌లలో దిగే క్రూజ్ ప్రయాణికులపై గ్రీసు 2025 జులై నుంచి రుసుము పెట్టింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనిషికి 20 యూరోలు. శాంటొరినిలో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. చిన్న పడవలో దిగి, కేబుల్ కారులోనో మెట్ల మీదుగానో ఫీరా ఊరెక్కాలి. వరస పొడుగ్గా ఉంటుంది.

సిబ్బంది టిప్పులు చాలా ఓడల్లో రోజుకు ఇంతని బిల్లులో దానంతటదే పడతాయి. టికెట్ ధరతో పాటు వాటినీ కలిపి చూసుకోవాలి.

నాలుగోరోజు పొద్దున రోమ్ టెర్మినీలో రీజనల్ రైలెక్కారు. కాగితం టికెట్‌ను రైలెక్కేముందు స్టేషన్‌లోని మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా. ఇది మేనేజరుగారి అక్షరాల్లో, రెండు గీతలు గీసి ఉంది. గంటకు పైగా ప్రయాణం. స్టేషన్ బయట బస్సెక్కి లార్గో దెల్లా పాచె, అక్కడి నుంచి రేవు బస్సులో ఓడ దాకా. ఇంటి దగ్గరే ప్రింటు తీసుకెళ్లిన ట్యాగులు తగిలించి పెద్ద పెట్టెలు అప్పగించేశారు. అవి గది ముందుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకే మోకాలి మాత్రలు, బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచీలో. చక్రం ఊడిన పెట్టె కూడా ఓడెక్కింది.

ఆ తర్వాతి పేజీల్లో రాతలు పలచబడతాయి. ‘శాంటొరిని, ఎండ.’ ‘కుషాదాసి నుంచి ఎఫెసస్ గ్రంథాలయం, రాళ్లు బాగున్నాయి.’ ‘ఈయన కాఫీ మానేశారు.’ తొమ్మిది రాత్రుల ఓడ ప్రయాణం అక్కడితో సరి.

వచ్చే ఏడాది బార్సిలోనా నుంచి బయల్దేరే ఓడ చూస్తున్నారు ఇద్దరూ. ఓడలో నాలుగు రాత్రులు చాలంటున్నారు ఆవిడ, ముందు ఊళ్లో ఆరు రోజులు ఉంటారట. ఈసారి పొయ్యి ఉన్న గది వెతికే పని మేనేజరుగారిది. పెట్టె ఒక్కటే.