లారీ చక్రముల పొందిక

తరగతిలో చతుర్భుజములను బోధించుచున్న ఒకనాడు, తండ్రి లారీ డ్రైవరగుటచేత కాబోలు, ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, లారీ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు రెండూ ఒక్కలాగే తిరుగుతాయా అండీ?" అని యడిగెను. ఆ ప్రశ్నయే మనస్సులో మెదలుచుండగా, సాయంకాలము శ్రీకాకుళము చెంత 16వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కనున్న ఒక షెడ్డునకు పోయి, మేస్త్రీ యనుమతితో లారీ క్రింద దూరి చూచితిని.

ఒక్కలాగున తిరుగవు, తిరుగరాదు. ఎడ్లబండికి చక్రములు రెండే గావున ఈ చిక్కు లేదు. కదలని యిరుసులు గల రథమును మలుపుటకు చక్రముల క్రింద కొయ్యదిమ్మెలు పెట్టి ఎంత ప్రయాసపడుదురో రథోత్సవము చూచినవారెల్ల నెరుగుదురు. నాలుగు చక్రములును ఒకే కేంద్రము గల వేర్వేరు వృత్తములపై దొరలవలసియుండుటచే, చిన్న వృత్తముపై పోవు లోపలి చక్రము వెలుపలిదానికంటె నెక్కువ మళ్ళవలెను. ఇరుసుల నడుమ 4.2 మీటర్లును, ముందు చక్రములు మళ్ళుటకు కీలులైన కింగ్‌పిన్నుల నడుమ 1.8 మీటర్లును గల బండిలో లోపలిది 30 డిగ్రీలు తిరిగినచో వెలుపలిది సుమారు 25 డిగ్రీలే తిరుగవలెను.

ఈ లెక్కను చేయునది డ్రైవరు కాదు, టై రాడ్ అను ఒక కడ్డీ. చక్రములను మలుపు స్టీరింగు చేతులను కడ్డీలు రెండును లోనికి కొంచెము వంగి, ఇరుసు వెనుక వానిని కలుపు ఆ కడ్డీ కింగ్‌పిన్నుల నడిమి దూరముకంటె పొట్టిదగుటచే, అన్నియు గూడి సమలంబ చతుర్భుజమగును. అదే దీర్ఘచతురస్రమైనచో చక్రములు రెండును సమముగా తిరిగి, ప్రతి మలుపునను టైరు నేలను గీరుచుండెడిది. మా తరగతి నల్లబల్లపై ప్రాణములేక పడియున్న ఆకృతి ఇచ్చట పది టన్నుల బరువును మలుపుచున్నది!

ఇరుసును కదల్చక చక్రములను మాత్రమే మలుపు ఈ యుపాయమును మ్యూనిచ్ నగరమున గుఱ్ఱపుబండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ కల్పించెను. అతని పక్షమున 1818లో లండనున పేటెంటు పొందిన ఆకర్మన్ పేరే దానికి నిలిచినది. ఇది నాకు అన్యాయముగానే తోచును.

మలుపులో ఇంత నేర్పు చూపు ఆ కడ్డీయే, పొడవు తప్పెనా, తిన్నని దారిలో టైరును తినివేయును. చక్రము అర డిగ్రీ వంకరగా నున్నచో కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లే. విశాఖపట్టణము చేరులోపల ఆ యీడ్పు ఇంచుమించు ఒక కిలోమీటరగును. అట్టి టైరును అరచేత నిమిరినచో రంపపు పండ్లవలె గ్రుచ్చుకొనును. మేస్త్రీ ముందు చక్రములను జాకీపై లేపి, త్రిప్పుచు టైరు నడుమ గీత గీసి, క్రిందికి దింపి, గీతల యెడమును ముందును వెనుకను టేపుతో కొలిచి, కడ్డీని మరలు త్రిప్పి సరిచేసెను.

లారీ ముందిరుసు ఒకే దిమ్మె గావున క్యాంబరు, అనగా చక్రము నిలువునుండి ప్రక్కకు ఒరిగియుండు కోణము, మార్చుట అరుదు. నేడు కెమెరాలును కంప్యూటర్లును వచ్చినవి. అవి కొలుచునదియు ఈ కోణములనే. కింగ్‌పిన్ను వదులైయున్నచో ఏ కొలతయు నిలువదు. అలైన్‌మెంటు చేయింపబోవువారు ముందుగా ఆ వదులును, టైర్లలోని గాలిని చూపించుకొనుడు.