అహద్

ఇస్లాం విశ్వాసానికి మూలకందం ‘తౌహీద్’, అంటే దైవం ఒక్కడేనన్న నిశ్చయం. ఖురాన్ 112వ అధ్యాయం నాలుగే వాక్యాలలో దీనిని ప్రకటిస్తుంది. అందులో దైవానికి వాడిన మాట ‘అహద్’. లెక్కలోని ఒకటి పక్కన రెండు నిలువగలదు. అహద్ సరసన నిలువదగినది ఏదీ లేదు. ఆయన రూపానికీ దేశకాలాలకూ అతీతుడు. కనుకనే మసీదులో ప్రతిమలు ఉండవు.

కాబాలో అనేక విగ్రహాలు పూజలందుకొంటున్న ఏడవ శతాబ్ది మక్కాలో ఈ మాట పలకడం సాహసమే. బిలాల్ అనే అబిసీనియా సంతతి బానిసను యజమాని ఉమయ్యా మండుటెండలో పరుండబెట్టి, రొమ్ముపై బండరాయి మోపించాడని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. బిలాల్ ‘అహద్, అహద్’ అంటూనే ఉన్నాడు. దైవానికి ఎవ్వరూ సాటి కారంటే యజమానీ కాడు. ఉమయ్యాను మండించినది బహుశా ఇదే. 630లో మక్కా ముస్లింల వశమైనప్పుడు కాబాపై నుండి అజాన్ వినిపించిన కంఠం బిలాల్‌దే.