ఒళ్లు తగ్గిందా.. ముందు ఆది మార్చండి

తెల్లవారుజామున కళాశాల మైదానాల్లో నడక సాగించేవారు ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ కనిపిస్తున్నారు. మధుమేహ భయంతో కొందరు, మోకాళ్ల నొప్పులు భరించలేక మరికొందరు అన్నం తగ్గించి, నడక పెంచుతున్నారు. వీరమాచనేని రామకృష్ణ ఆహార నియమాలు 2018 ప్రాంతంలో ఊరూరా చర్చకు వచ్చిన నాటి నుంచి బరువు తగ్గే ప్రయత్నాలు పల్లెలకూ పాకాయి. అయితే ఆరేడు నెలలు నోరు కట్టుకుని పది కిలోలు తగ్గినవారికి అభినందనలకు బదులు పరామర్శలు ఎదురవుతుంటాయి. 'ఏమండీ, ఇలా చిక్కిపోయారు? షుగర్ గానీ వచ్చిందా?' అని పెళ్లి పందిట్లో నలుగురి ముందూ అడిగేస్తారు. ఇందులో తప్పు చాలావరకు ఒంటిమీది బట్టలదే. భుజాలు జారిన చొక్కా, బెల్టు బిగిస్తే కుచ్చులు పడే ప్యాంటు, చేతుల దగ్గర వేలాడే జాకెట్టు ఆరోగ్యవంతులను సైతం రోగిష్ఠులుగా చూపుతాయి.

(ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం పరామర్శించేవారి అనుమానమే నిజం కావచ్చు. మధుమేహం, క్షయ, థైరాయిడ్ సమస్యలు ఇలాగే బయటపడుతుంటాయి. అటువంటివారు దర్జీ కంటే ముందు వైద్యుని వద్దకు వెళ్లాలి.)

బరువు తగ్గిన ఉత్సాహంలో ఒకేసారి పది జతలు కొనేయడం చాలామంది చేసే పొరపాటు. తగ్గే క్రమం ఇంకా సాగుతుంటే ఈ రోజు సరిపోయినది మూడు నెలలకు మళ్లీ వదులవుతుంది. ఆగిన తరువాత కొంత తిరిగి పెరగడమూ సాధారణమే. అందువల్ల బరువు రెండు మూడు నెలలపాటు ఒకే చోట నిలిచే వరకు ఉన్నవాటిని సరిచేయించుకుంటూ, తప్పనిసరైన రెండు జతలతో నెట్టుకురావడం మేలు.

ఏది కుట్టించవచ్చు.. ఏది వదిలేయాలి

ప్యాంటు నడుమును వెనుక కుట్టు విప్పి రెండు అంగుళాల వరకు సులువుగా తగ్గించవచ్చు. అంతకు మించితే వెనుక జేబులు రెండూ దగ్గరకు జరిగి ఎబ్బెట్టుగా ఉంటుంది, తొడల దగ్గర గుడ్డ మిగిలిపోతుంది. జీన్స్‌కు దళసరి కుట్లు, నడుము పట్టీ ఉంటాయి కనుక శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. చొక్కా విషయంలో చూడవలసింది భుజం. భుజం కుట్టు ఎముక చివరనే నిలిచి ఉంటే పక్క కుట్లు లోపలికి వేయించి నిశ్చింతగా తొడుక్కోవచ్చు. అది చేతి మీదకు జారిందంటే చేతులు ఊడదీసి, భుజాలు కత్తిరించి, తిరిగి అతకాలి. ఆ కూలి పెట్టే బదులు ఆ చొక్కాను ఒళ్లున్న బంధువులకు ఇచ్చివేయడమే లాభం.

ఈ విషయంలో మహిళలకు చీర పెద్ద వరం. ఒళ్లు తగ్గితే రెండు కుచ్చిళ్లు ఎక్కువ వస్తాయి, అంతే. లోపలి పావడాకు బొందు ఉండనే ఉంది. ఇబ్బందంతా జాకెట్టుతోనే. ముందు ముందు ఒళ్లు చేస్తారనే ఆలోచనతో దర్జీలు పక్కల్లో గుడ్డ వదిలి, రెండు మూడు వరుసల కుట్లు వేసి ఇవ్వడం మన వైపు ఆనవాయితీ. అదే పద్ధతిలో లోపలికి మరో వరుస వేయిస్తే కొంత వదులు పోతుంది. అప్పుడు మిగులు గుడ్డ చంకల్లో ఒత్తుకుంటుందని కత్తిరించమంటారు. బరువు నిలకడకు వచ్చేవరకు ఆ కత్తెర పడనివ్వకూడదు. ఒకసారి కత్తిరిస్తే మళ్లీ వదులు చేయించుకునే దారి ఉండదు. మెడ, భుజాలు జారుతుంటే మాత్రం పక్క కుట్లతో ఒరిగేదేమీ లేదు. కొత్తది కుట్టించుకోవలసిందే.

అక్కడే మరో చిక్కు వస్తుంది. ఏళ్ల తరబడి వాడుతున్న ఆది జాకెట్టునే అలవాటుగా దర్జీకి ఇచ్చి వస్తారు. కొత్త గుడ్డ, కొత్త కూలి పెట్టి పాత కొలతకే కుట్టించుకుని, తరువాత దాన్ని బిగించడానికి మళ్లీ డబ్బులిస్తారు. మగవారు దర్జీ పుస్తకంలో ఉన్న పాత కొలతలతో కానిచ్చేయమనడమూ ఇంతే. టేపుతో మళ్లీ కొలతలు తీయించుకుని, ముందు ఒక్కటి కుట్టించి, తొడిగి చూశాక తక్కిన గుడ్డలు ఇవ్వాలి. సరిగ్గా కుదిరిన ఆ ఒక్కటే కొత్త ఆది అవుతుంది.

కొనుగోలులో మెలకువలు

కార్యాలయానికి వెళ్లే పురుషులకు ముదురు రంగు ప్యాంట్లు రెండు, వాటిపై నప్పే చొక్కాలు నాలుగు చాలు. మహిళలు ప్రతి చీరకూ జత జాకెట్టు కావాలని పట్టుబట్టకుండా నలుపు, మెరూన్, బంగారు రంగుల్లో మూడు కుట్టించుకుంటే బీరువాలోని చీరల్లో చాలావాటికి సరిపోతాయి. వస్త్ర వ్యాపారానికి పేరున్న చీరాల, ప్రొద్దుటూరు వంటి పట్టణాలకు దగ్గరలో ఉన్నవారు గుడ్డ తీసుకుని కుట్టించుకోవడమో, రెడీమేడ్ కొనడమో కూలి లెక్క వేసుకుని నిర్ణయించుకోవాలి. నూలు గుడ్డను కుట్టించే ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. ఒంటికి అతికినట్లు కుట్టించుకున్న చొక్కా మొదటి ఉతుకులోనే కుదించుకుపోతే పడిన శ్రమంతా వృథా.

పెళ్లిళ్లు లేని ఆషాఢంలో దుకాణదారులు తగ్గింపు ధరలు ప్రకటిస్తారు. అయితే తగ్గింపు సరుకులో అన్ని సైజులూ దొరకవు. చవకగా వస్తోందని మళ్లీ వదులు బట్టలే తెచ్చుకునేవారూ ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులపై ఒక్కోదానికి రూ.2,500 వరకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతంగా ఉంది. పెళ్లికని ఖరీదైనవి చూసేవారు ఈ తేడాను గమనించుకోవాలి.

ఇక పాతవాటి సంగతి. స్టీలు సామాన్ల గంప వీధిలోకి రాగానే వదులు ప్యాంట్లు, చొక్కాలు మూట కట్టి గిన్నెకో, పళ్లేనికో మార్చుకోవడం అందరికీ తెలిసిందే. ఆ మూటలో పట్టుచీరలు కలపకూడదు. అవి ఒంటితో పాటు వదులయ్యేవి కావు, అసలు జరీ ఉంటే దాని విలువ వేరు. నూలు చీరలు బొంతలకు పనికొస్తాయి. చిరిగినవాటిని పారేసే ముందు హుక్కులు, గుండీలు, జిప్పులు విప్పి దాచుకుంటే తరువాతి మరమ్మతుల్లో ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది.