అమ్మ పేరు మీద దవాఖాన: గోడల కన్న ముందు గోళీల లెక్క

దుబాయ్‌కో, అమెరికాకో పోయి నాలుగు పైసలు ఎనకేసుకున్నోళ్లు ఊరికొస్తే, గుడి ముచ్చట అయినంక తీసేది దవాఖాన ముచ్చటే. ‘‘అమ్మ పేరు మీద చిన్న దవాఖాన కట్టిస్త, జాగ చూపియ్యున్రి’’ అంటరు. మంచి మనసే. దౌల్తాబాద్ మండలం అసొంటి కాడ దాని అవసరం కూడ ఉన్నది. కాకుంటే జాగతోని, స్లాబుతోని మొదలుపెడితే రెండో ఏటికి తాళం పడే ప్రమాదం ఎక్కువ. దవాఖాన అంటే గోడలు కాదు, నెలనెలా అయ్యే ఖర్చు.

ముందు ఊర్ల ఏం లేదో చూడాలె. 2016ల మెదక్ నుంచి సిద్దిపేట జిల్లాల కలిసిన మండలం మనది. పెద్ద రోగమొస్తే ఒక తొవ్వ ఉన్నది. సిద్దిపేటల 2018 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తున్నది. ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ ఉన్నది, 2023 డిసెంబర్ల దాన్ని 10 లక్షలకు పెంచిన్రు. తొవ్వ సరిగ లేనిది చిన్న రోగాలకు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు, బీడీలు చుట్టేటోళ్లకు పొగాకు దుమ్ముతోని వచ్చే దగ్గు. కైకిలి పోయేటామె పొద్దున పోతే పొద్దుమీకి ఇల్లు చేరుతది. సర్కారు దవాఖానల ఓపీ ఆ నడుమనే అయిపోతది. డాక్టరుకు చూపించుకోవాలంటే ఆ దినం కూలి పోగొట్టుకోవాలె. ఆర్‌ఎంపీ ఎందుకు నడుస్తున్నడో ఇక్కడ్నే సమజైతది. రాత్రి తలుపు కొడితే లేస్తడు, ఉద్దెరకు మందిస్తడు. ఆయన సూదులు, సెలైన్లు మనకొద్దు గాని ఆయన టైం మాత్రం నేర్చుకోవాలె. దాత కట్టే దవాఖాన కూడ పొద్దున పది గంటలకు తెరిచి సాయంత్రం నాలుగింటికి మూస్తే, సర్కారు దవాఖాన పక్కన ఇంకో బోర్డు పెట్టినట్టే.

బీపీ గోళీ ఒక్క నెలతోని ఒడిసేది కాదు. చానమందికి బతికినన్ని దినాలు మింగాలె. మూడు నెలలు ఉట్టిగ ఇచ్చి నాలుగో నెల పైసల్లేవని ఆపితే బీపీ మళ్ల లేస్తది, పక్షవాతం దాక పోతది. అప్పటిదాక సర్కారు దవాఖానల గోళీలు తెచ్చుకునే ముసలామె మన మాట నమ్మి అక్కడికి పోవుడు బంజేస్తే, ఆమెకు మనం చేసింది మేలా, కీడా?

లెక్క కోసం అనుకుందాం: చేతిల 30 లక్షలున్నయి. అన్నీ బిల్డింగుకే పెడితే ప్రారంభం దినం ఫోటోలు మంచిగొస్తయి. అట్ల గాక ఒక ఇల్లు కిరాయికి తీసుకొని నర్సు జీతం, వారంల మూడు దినాలు వచ్చే డాక్టరు ఖర్చు, మందులు, కరెంటు కలిపి నెలకు లక్షల ఎల్లదీస్తే, అవే పైసలతోని రెండున్నరేండ్లు నడుస్తది. గా రెండున్నరేండ్లల్ల ఎంతమంది వచ్చిన్రు, ఏ రోగాలతోని వచ్చిన్రు, ఎవలు మధ్యల ఆగిపోయిన్రు అనేది రిజిస్టర్ల తేలుతది. బిల్డింగు ఎంత పెద్దగుండాల్నో అప్పుడు ఆ రిజిస్టరే చెప్తది.

మన దిక్కు ఇది కొత్త ముచ్చటేం కాదు. నిజామాబాద్ దిక్కు కుష్టు రోగులను ఊర్లకు రానియ్యని కాలంల, ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ భర్త జార్జ్‌తోని కలిసి 1907ల మన దేశానికొచ్చింది. డిచ్‌పల్లిల కుష్టు దవాఖాన లేచింది 1915ల. పైసలిచ్చింది రాజా నర్సాగౌడ్, మన ప్రాంతపు దాతనే. ఈడ చూడాల్సింది వరుస: పని చేసే మనుషులు ముందొచ్చిన్రు, రోగులు తెలిసిన్రు, దాత ఆ తర్వాత దొరికిండు. 1932ల చనిపోయేదాక ఆమె ఆ పని ఇడువలేదు.

మన పక్క గడ్చిరోలి కత ఇంకా దగ్గర. అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986ల అక్కడ ‘సెర్చ్’ సంస్థ పెట్టిన్రు. దవాఖాన ఎట్లుండాలె అని గిరిజనులనే అడిగిన్రు. పెద్ద బిల్డింగంటే భయమైతది, మా గుడిసెల లెక్కుండాలె, రోగి తోడు ఇంటోళ్లు ఉండాలె అన్నరు వాళ్లు. గట్లనే కట్టి దంతేశ్వరి తల్లి పేరు పెట్టిన్రు. (ఆఫ్రికాల గాబన్ దేశం లాంబరెనెల కూడ గిట్లనే. 1913ల ష్వైట్జర్ డాక్టరు వైద్యం మొదలుపెట్టింది పాత కోళ్ల గూట్ల. రోగుల ఇంటోళ్లు పక్కనే ఉండి వండిపెట్టేటోళ్లు.) కాని గడ్చిరోలిల పసిపిల్లల పానం కాపాడింది దవాఖాన గుడిసెలు గావు. ఊరి ఆడోళ్లకే నేర్పించి, పుట్టిన పిల్లలను ఇంటికాడనే చూపిచ్చిన్రు. ఆ ఊర్లల్ల అప్పుడే పుట్టిన పిల్లల చావులు 62 శాతం తగ్గినయని 1999ల లాన్సెట్ పత్రికల అచ్చయింది. ఇప్పుడు మన ఆశ అక్క బాలింత ఇంటికొచ్చి పిల్లను తూకమేసుడు ఆడికెల్లి వచ్చిందే. అందుకే దాత దవాఖాన పెట్టే ముందుగాల ఆశ అక్కలతోని, సర్కారు డాక్టరుతోని కూసోని మాట్లాడాలె. వాళ్లకు పోటీ కావద్దు, వాళ్ల పని ఆగినకాడికెల్లి అందుకోవాలె.

ఇగ కాయితాల పని. క్లినిక్ చిన్నదైనా జిల్లాల రిజిస్ట్రేషన్ చేయించాలె. వాడిన సూదులు, దూది చెత్తకుప్పల పడేస్తే నడువది, దానికి వేరే అనుమతి, వేరే బండి ఉంటయి. మందు రాసేది డాక్టరే, నర్సు కాదు.

చానమంది మరిచేది పైసల చట్టం. ఇండియా పాస్‌పోర్టే ఉన్న ఎన్నారై తన కష్టార్జితం బ్యాంకు తొవ్వల పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు అది ముట్టొద్దు. ఆ రిజిస్ట్రేషన్‌కు ట్రస్టు పెట్టి మూడేండ్లన్న కావాలె, లేకుంటే ముందస్తు అనుమతి తెచ్చుకోవాలె. దాతను ‘‘అన్నా, నీ పాస్‌పోర్టు ఏ దేశంది?’’ అని అడుగుడు జర మొహమాటమే. అయినా జాగ చూసుడు కన్న ముందు అడగాలె.